యూరిక్ యాసిడ్ 8.4 వచ్చింది, గుండెకూ మూత్రపిండాలకూ ప్రమాదమా?

మీరు రాసిన వివరాలను ముందు ఒకచోట చేర్చుకుంటాను. మీ నాన్నగారి వయస్సు 58, ప్రొద్దుటూరులో బట్టల అంగడి. పన్నెండేళ్ళుగా రక్తపోటు, ఆరేళ్ళుగా షుగరు ఉన్నాయి. గత నెలలో తగ్గింపు ధరకు చేయించుకున్న రక్తపరీక్షల్లో యూరిక్ యాసిడ్ 8.4, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ 1.5 అని వచ్చాయి. కాలి వేళ్ళ వాపు గానీ, మూత్రంలో రాళ్ళు గానీ ఆయనకు ఎన్నడూ లేవు. యూరిక్ యాసిడ్ గుండెపోటు తెస్తుందని ఒకరు, అది కిడ్నీలను తినేస్తుందని ఇంకొకరు చెప్పగా, ఇంట్లో పప్పు, శనగలు, టమాటాలు మాన్పించి, యూరిక్ యాసిడ్‌ను తగ్గించే ఫెబుక్సోస్టాట్ మాత్రను జీవితాంతం వేయాలా అని అడుగుతున్నారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ కాగితంలో మీరు భయపడవలసిన అంకె 8.4 కాదు, 1.5. మొదటిది చాలావరకు రెండవదాని నీడ. ఇలా ఎందుకంటున్నానో చెప్పడానికి కొంత దూరం వెళ్ళి రావాలి. కర్నూలులో ముప్పై ఏళ్ళకు పైగా జనరల్ మెడిసిన్ వైద్యం చేస్తూ నేనే ఒకప్పుడు ఈ అంకెను చూసి మందు రాసినవాణ్ణి కనుక, ఆ దారిలో ఎక్కడ కాలు జారుతుందో నాకు కొంచెం తెలుసు.

యూరిక్ యాసిడ్ బయటి నుండి వచ్చిన విషం కాదు. మన కణాలలోని డీఎన్ఏ, ఆర్ఎన్ఏలలో ప్యూరిన్లు అనే పదార్థాలుంటాయి. పాత కణాలు చనిపోయి కొత్తవి పుట్టే క్రమంలో ఈ ప్యూరిన్లు విరిగి, జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చేతిలో చివరకు యూరిక్ యాసిడ్‌గా మారతాయి. రోజూ తయారయ్యే దానిలో సుమారు మూడింట రెండు వంతులు ఇలా ఒంట్లోనే పుడుతుంది, మిగతా ఒక వంతు తిండి నుండి వస్తుంది. ఆవు, మేక, కుక్క వంటి చాలా జంతువులలో యూరికేజ్ అనే మరొక ఎంజైము దీనిని ఇంకా విరిచి, నీటిలో సులువుగా కరిగే పదార్థంగా మార్చి బయటికి పంపేస్తుంది. మనుషులలోనూ, చింపాంజీ, గొరిల్లా వంటి వానరాలలోనూ ఆ ఎంజైము జన్యువు కోటి ఏళ్ళకు పైబడిన కాలం క్రితమే పనిచేయడం మానేసింది. అందువల్ల మేకకు రాని గౌట్, అంటే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీళ్ళలో చేరి వచ్చే వాపు జబ్బు, మేకమాంసం తిన్న మనిషికి వస్తుంది.

ఇక బయటికి పోయే దారి. సుమారు మూడింట రెండు వంతులు మూత్రపిండాల ద్వారా, మిగిలింది పేగుల ద్వారా పోతుంది. మూత్రపిండాలు వడగట్టిన యూరిక్ యాసిడ్‌లో దాదాపు 90 శాతాన్ని మళ్ళీ రక్తంలోకే తీసుకుంటాయి. ఆ తిరిగి తీసుకునే పని కొంచెం ఎక్కువైనా, వడగట్టే పని కొంచెం తగ్గినా రక్తంలో మట్టం పెరుగుతుంది. రాయలసీమవారికి చెరువు భాషలో చెబితే ఇది తేలిక. చెరువులో నీరు పెరిగిందంటే వాగు ఎక్కువగా పారి ఉండాలి, లేదా తూము పూడుకుపోయి ఉండాలి. యూరిక్ యాసిడ్ పెరిగినవారిలో పదిమందికి తొమ్మిదిమందిలో ఉన్నది తూము సమస్యే. మన ఇళ్ళలో మాత్రం అందరూ వాగుకు అడ్డుకట్ట వేయడానికి పరుగెత్తుతారు, అంటే పప్పు మాన్పిస్తారు. తూము దగ్గరికి వెళ్ళి చూసేవారు తక్కువ.

తూమును మూసే కారణాలు మీ నాన్నగారిలో కనీసం మూడున్నాయి. మూత్రపిండాల పని తగ్గడం మొదటిది. పొట్ట చుట్టూ కొవ్వు, షుగరు ఉన్నవారిలో రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉండి, అది యూరిక్ యాసిడ్‌ను వెనక్కు లాగేలా మూత్రపిండాలను పురిగొల్పడం రెండవది. మూడవది రక్తపోటు మాత్ర. ఆ మాత్రల అట్టను ఒకసారి చేతిలోకి తీసుకుని, వెలుతురులో వెనుకవైపు చదవండి. టెల్మిసార్టాన్ అన్న పేరు తరువాత 'హెచ్' అనే అక్షరం గానీ, కింద చిన్న అచ్చులో 'హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మిల్లీగ్రాములు' అని గానీ ఉంటే, ఆయన రోజూ యూరిక్ యాసిడ్‌ను పెంచే మందునే వేసుకుంటున్నట్లు. ఇది ఒంట్లోని నీరు తీసే మాత్ర. అదే పని చేసే క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్ కూడా అంతే. క్షయ మందుల్లోని పైరజినమైడ్ అయితే ఇంకా గట్టిగా పెంచుతుంది. గుండె కోసం వేసుకునే చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా కొద్దిగా పెంచుతుంది కానీ, గుండె జబ్బు ఉన్నవారు ఆ కారణంతో దానిని మానకూడదు.

నా దగ్గరికి యూరిక్ యాసిడ్ కాగితం పట్టుకుని వచ్చేవారిని నేను మొట్టమొదట మాత్రల సంచీ బల్లమీద బోర్లించమంటాను. అందులో సగం జవాబు దొరుకుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. యూరిక్ యాసిడ్ గుండెను, మూత్రపిండాలను పాడుచేస్తుందా, లేక అవి పాడవుతుంటే తాను పెరుగుతుందా? వైద్యశాస్త్రం ఈ ప్రశ్న దగ్గర నూట యాభై ఏళ్ళుగా తిరుగుతోంది. 1776లో స్వీడన్ రసాయనవేత్త షీలే మూత్రంలోని రాయి నుండి ఈ ఆమ్లాన్ని వేరుచేశాడు. 1848లో లండన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గారాడ్ గౌట్ రోగుల రక్తంలో అది ఎక్కువగా ఉంటుందని చూపించాడు. గౌట్ ఉన్నవారిలో రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, గుండెపోటు ఎక్కువగా కనిపిస్తుండడంతో అన్నిటికీ మూలం ఇదేనన్న అనుమానం అప్పుడే మొదలయింది.

ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. యూరిక్ యాసిడ్ రక్తద్రవంలో ఉన్నప్పుడు ఆక్సీకరణను అడ్డుకునే మంచి పదార్థం. అదే రక్తనాళాల లోపలి పొర కణాలలోకి దూరినప్పుడు మాత్రం ఆక్సీకరణను పెంచుతుంది, నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను తగ్గిస్తుంది, రక్తపోటును పెంచే రెనిన్ వ్యవస్థను మేల్కొలుపుతుంది. ఎలుకలలో యూరికేజ్‌ను మందుతో ఆపి యూరిక్ యాసిడ్ పెంచితే, వాటికి రక్తపోటు పెరిగింది, మూత్రపిండాలలోని సన్నని ధమనుల గోడలు మందమెక్కాయి. 2008లో అమెరికాలో, కొత్తగా రక్తపోటు వచ్చిన 30 మంది కౌమార వయస్కులకు నాలుగు వారాలు యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యురినాల్, మరో నాలుగు వారాలు మందులేని ఉత్తి మాత్ర ఇచ్చి చూశారు. మందు వేసుకున్న వారాల్లో 20 మందికి రక్తపోటు మామూలు స్థాయికి దిగింది, ఉత్తి మాత్రతో ఒక్కరికే దిగింది. ఆ ఫలితం చదివిన రోజు నాకు ఎంత ఉత్సాహం కలిగిందో ఇప్పటికీ గుర్తుంది. చవకైన పాత మందు ఒకటి రక్తపోటును మూలంలోనే కోసేస్తుందంటే మాలాంటి జిల్లా వైద్యులకు అంతకన్నా కావలసిందేముంది?

అయితే ముప్పైమంది పిల్లల మీద వచ్చిన ఫలితం అరవై ఏళ్ళ షుగరు రోగికి వర్తిస్తుందా అన్నది వేరే సంగతి. ఆ తరువాత పద్నాలుగేళ్ళలో పెద్ద పరీక్షలు ఒక్కొక్కటిగా జరిగాయి. వాటిలో కొన్నింటిని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకు ఇచ్చిన సలహాలన్నీ వీటికి ముందు కాలంనాటివి.

మూత్రపిండాల విషయంలో 2020లో ఒకే పత్రికలో రెండు ఫలితాలు వచ్చాయి. సీకేడీ-ఫిక్స్ అనే పరీక్షను ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో చేశారు. మూత్రపిండాల జబ్బు మూడవ, నాల్గవ దశల్లో ఉండి, గౌట్ లేని 369 మందిని తీసుకుని, కొందరికి అల్లోప్యురినాల్, కొందరికి ఉత్తి మాత్ర రెండేళ్ళపాటు ఇచ్చారు. మందు తన పని తాను చక్కగా చేసింది, యూరిక్ యాసిడ్ సగటున 8.2 నుండి 5.1కి దిగింది. కానీ మూత్రపిండాల వడపోత శక్తి రెండు గుంపుల్లోనూ ఒకే వేగంతో, ఏడాదికి సుమారు 3.3 పాయింట్ల చొప్పున, తగ్గుతూ పోయింది. రెండవది పెర్ల్ పరీక్ష. టైప్ 1 మధుమేహం ఉన్న 530 మందిని మూడేళ్ళు గమనించారు. అక్కడా అంతే, అంకె దిగింది కానీ మూత్రపిండానికి మేలు కనపడలేదు. అంతకుముందు జపాన్‌లో 443 మందిని తీసుకుని, సగం మందికి ఫెబుక్సోస్టాట్ ఇచ్చి చూసినప్పుడు కూడా వడపోత శక్తి పడిపోవడం ఆగలేదు.

గుండె విషయంలో బ్రిటన్‌లో జరిగిన ఆల్-హార్ట్ పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. గుండె రక్తనాళాల జబ్బు ఉండి, గౌట్ లేని, అరవై దాటిన 5,721 మందిలో సగం మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల దాకా అల్లోప్యురినాల్ ఇచ్చి, సుమారు అయిదేళ్ళు వెంబడించారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం అన్నీ కలిపి చూస్తే మందు వేసుకున్నవారిలో 11.0 శాతం, వేసుకోనివారిలో 11.3 శాతం. అంటే తేడా లేనట్లే. గుండె వైఫల్యం ఉండి యూరిక్ యాసిడ్ పెరిగిన 253 మందిపై 2015లో వచ్చిన పరీక్షలో కూడా అల్లోప్యురినాల్ ఏమీ మార్చలేకపోయింది.

ఇంతకన్నా సూటిగా ఈ ప్రశ్నను అడిగే దారి మరొకటుంది. కొందరికి పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్ల జీవితమంతా యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉంటుంది. అదే నిజమైన దోషి అయితే అటువంటివారిలో మూత్రపిండాల జబ్బు ఎక్కువగా రావాలి. లక్షల మంది జన్యు వివరాలు చూసినప్పుడు గౌట్ మాత్రం ఎక్కువగా కనిపించింది, మూత్రపిండాల జబ్బు ఎక్కువగా కనిపించలేదు.

మరి యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్నవారికి గుండె జబ్బులు ఎక్కువ అని ఇన్ని అధ్యయనాలు ఎందుకు చెప్పాయి? ఎందుకంటే అది నిజమే. గుండె బలహీనపడినప్పుడు మూత్రపిండాలకు రక్తం తగ్గుతుంది, నీరు తీసే మాత్రలు మొదలవుతాయి, రక్తం చాలని కణజాలంలో ప్యూరిన్లు ఎక్కువగా విరుగుతాయి. ఈ మూడూ యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. కాబట్టి ఆ అంకె ఎక్కువగా ఉన్న గుండె రోగి పరిస్థితి బాగాలేదని చెప్పవచ్చు, ఆ అంకెను దించితే పరిస్థితి బాగుపడుతుందని మాత్రం చెప్పలేము. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ప్రజలను దశాబ్దాలుగా గమనిస్తున్న అధ్యయనం 1999లోనే ఈ మాట చెప్పింది. రక్తపోటు, నీటి మాత్రలు వంటివాటిని లెక్కలోకి తీసుకున్న తరువాత గుండె జబ్బుకూ యూరిక్ యాసిడ్‌కూ మధ్య సొంత సంబంధమేదీ మిగలలేదని తేల్చింది. మేము చాలామందిమి ఆ మాటను చెవిన పెట్టలేదు.

చెవిన పెట్టనివాళ్ళలో నేనూ ఉన్నాను కనుక ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లోనే నా దగ్గరికి ఒక ఉపాధ్యాయుడు మామూలు పరీక్షల కోసం వచ్చారు. యూరిక్ యాసిడ్ 8.9, క్రియాటినిన్ కొంచెం ఎక్కువ, గౌట్ లేదు. 'ముందుజాగ్రత్త' అంటూ నేను అల్లోప్యురినాల్ నేరుగా 300 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాను. మూడవ వారంలో ఆయనకు జ్వరం, ఒళ్ళంతా ఎర్రటి దద్దులు, నోట్లో పుండ్లు వచ్చాయి. చర్మం పొరలు పొరలుగా ఊడడం మొదలయ్యాక నాలుగు వారాలు వార్డులో ఉండవలసి వచ్చింది. బతికి బయటపడ్డారు. వెళ్ళేరోజు ఆయన భార్య నన్ను ఒకే మాట అడిగింది: "ఇంతకూ ఏం జబ్బుకిచ్చినారు సార్ ఆ బిళ్ళ?" నా దగ్గర జవాబు లేదు. అల్లోప్యురినాల్ మంచి మందు. దానిని రూపొందించిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. అవసరమైనవారికి 100 మిల్లీగ్రాములు గానీ, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి 50 గానీ ఇచ్చి, రెండు మూడు వారాలకొకసారి పెంచుకుంటూ పోతే ఈ ప్రమాదం చాలా అరుదు. కానీ లేని జబ్బుకు ఇచ్చిన మందులో అరుదైన ప్రమాదం కూడా ఎక్కువే.

ఫెబుక్సోస్టాట్ సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. గౌట్‌తోపాటు గుండె జబ్బు కూడా ఉన్న 6,190 మందిలో అల్లోప్యురినాల్‌తో పోల్చి చూసిన కేర్స్ పరీక్ష 2018లో వచ్చింది. ఫెబుక్సోస్టాట్ వేసుకున్నవారిలో గుండె సంబంధ మరణాలు 4.3 శాతం, అల్లోప్యురినాల్ వారిలో 3.2 శాతం. దానితో 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందు సమాచార పత్రంలో గట్టి హెచ్చరిక పెట్టించింది. 2020లో యూరప్‌లో 6,128 మందిపై జరిగిన ఫాస్ట్ పరీక్షలో అటువంటి తేడా కనపడలేదు. రెండూ కలిపి చూస్తే అది విషం కాదని అనుకోవచ్చు. కానీ గుండెను కాపాడడానికి వేసుకోవలసిన మందు కాదని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు. గుండెపోటు భయంతో ఈ మందు మొదలుపెట్టేవారు ఆ హెచ్చరికను ఒకసారి చదివితే బాగుండును.

అమెరికన్ రుమటాలజీ (కీళ్ళ జబ్బుల) వైద్యుల 2020 మార్గదర్శకాలు, మూత్రపిండాల జబ్బులపై కేడీఐజీఓ అనే అంతర్జాతీయ సంస్థ వారి 2024 మార్గదర్శకాలు, లక్షణాలు లేని యూరిక్ యాసిడ్‌కు మందు వద్దనే వైపే ఉన్నాయి. జపాన్ వైద్యులు మాత్రం ఇతర జబ్బులుంటే 8 దగ్గర, లేకపోతే 9 దగ్గర మందును ఆలోచిస్తారు. మీ కుటుంబ వైద్యుడు ఆ పద్ధతిని నమ్మేవారైతే ఆయనను తప్పుపట్టను. కానీ ఎందుకు ఇస్తున్నారో, ఎప్పుడు ఆపుతారో అడిగి తెలుసుకోండి.

మందు అవసరమయ్యే సందర్భాలున్నాయి. ఏడాదిలో రెండుసార్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ గౌట్ వాపు రావడం, కీళ్ళ దగ్గరో చెవి అంచు మీదో సుద్దలాంటి గడ్డలు కట్టడం, యూరిక్ యాసిడ్ రాళ్ళు పడడం, మొదటిసారి గౌట్ వచ్చినప్పటికే మూత్రపిండాల జబ్బు మూడవ దశలో గానీ ఆపైన గానీ ఉండడం లేదా అప్పటికే యూరిక్ యాసిడ్ 9 దాటి ఉండడం, ఇంకా కొన్ని కాన్సర్లకు కీమోథెరపీ మొదలుపెట్టే ముందు. గౌట్ ఉన్నవారిలో అంకెను 6 కన్నా కిందికి తెచ్చి అక్కడే నిలపాలి. 6.8 దాటితే యూరిక్ యాసిడ్ రక్తంలో కరగలేక స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది కనుక ఆ హద్దు పెట్టుకున్నారు. వాపు వచ్చిన రోజున పరీక్ష చేస్తే అంకె మామూలుగా రావచ్చు, దానిని చూసి గౌట్ కాదని తేల్చేయకూడదు, రెండు వారాల తరువాత మళ్ళీ చూడాలి. గౌట్ వాపు వచ్చి తగ్గిన తరువాతి రెండు నెలల్లో గుండెపోటు, పక్షవాతం కొంత ఎక్కువగా వస్తున్నట్లు 2022లో బ్రిటన్ వివరాలలో కనిపించింది. కాబట్టి గౌట్ రోగి గుండెను గురించి జాగ్రత్తపడవలసిందే. అక్కడ దోషి స్ఫటికాలు రేపే ఇన్‌ఫ్లమేషన్ కావచ్చునన్న వాదం నాకు సమంజసంగా తోస్తుంది.

మన ప్రాంతంలో యూరిక్ యాసిడ్ పేరుమీద మూత్రపిండాలు నిజంగా పోతున్నాయి. అయితే పోగొడుతున్నది యూరిక్ యాసిడ్ కాదు, నొప్పి బిళ్ళలు. ఉరవకొండ వైపు నుండి వచ్చిన ఒక వేరుశనగ రైతును మరచిపోలేను. బొటనవేలు వాచినప్పుడల్లా ఊళ్ళో ఒకాయన కాగితపు పొట్లంలో మూడు రకాల బిళ్ళలు కట్టి ఇచ్చేవాడట. ఒక తెల్లది, ఒక పసుపుపచ్చది, ఒక చిన్న గులాబీ రంగుది. పొట్లం విప్పి నా బల్లమీద పోసినప్పుడు వాటిలో ఒకటి డైక్లోఫెనాక్ అని, గులాబీ రంగుది స్టెరాయిడ్ అని గుర్తుపట్టగలిగాను. రెండేళ్ళు అలా వేసుకున్నాడు, అదీ మే నెల ఎండలో చేనులో పనిచేస్తూ, నీళ్ళు చాలక పెదవులెండిపోతూ. క్రియాటినిన్ 3.8, యూరిక్ యాసిడ్ 9.6. "యూరిక్ యాసిడ్ కిడ్నీలను తినేసింద్యా సార్?" అని అడిగాడు. కాదని, ఆ తెల్లబిళ్ళ తినేసిందని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. నొప్పి తగ్గించినదే చెడ్డదంటే ఎవరికైనా నమ్మడం కష్టం. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి గౌట్ వాపు వస్తే చిన్న మోతాదులో కాల్చిసిన్ గానీ, కొద్ది రోజులు వైద్యుడి పర్యవేక్షణలో స్టెరాయిడ్ గానీ వాడతాము. కాల్చిసిన్ మోతాదు కూడా వారికి తగ్గించే ఇవ్వాలి. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి మీ నాన్నగారి నడుము నొప్పికైనా, తలనొప్పికైనా ఇకపై వద్దు.

తిండి గురించి. మీరు పప్పు మాన్పించడం నాకు కొంచెం బాధ కలిగించింది. 47,150 మంది మగవారిని పన్నెండేళ్ళు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మాంసం, సముద్రపు చేపలు ఎక్కువ తిన్నవారికి గౌట్ ఎక్కువగా వచ్చింది, పాలు పెరుగు తీసుకున్నవారికి తక్కువగా వచ్చింది, ప్యూరిన్లు ఎక్కువున్న కూరగాయల వల్ల మాత్రం పెరగలేదు. జొన్నరొట్టెలోకి పప్పు, రాగిసంగటిలోకి గోంగూర పప్పు మాన్పిస్తే ఆయన ఒంట్లో సత్తువ పోతుందే తప్ప యూరిక్ యాసిడ్ పోదు. తగ్గించవలసినవి బోటి, కాలేయం, ఎండుచేపలు, బీరు, తియ్యటి సీసా పానీయాలు. చక్కెరలోని ఫ్రక్టోజ్ కాలేయంలో విరిగేటప్పుడు యూరిక్ యాసిడ్ పుడుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. నాటుకోడి పులుసు తిన్నందుకు భయపడేవారు రోజూ రెండు కూల్‌డ్రింకులు తాగుతుంటారు. ఎంత కఠినంగా పథ్యం చేసినా అంకె తగ్గేది సుమారు ఒక పాయింటు. బరువు తగ్గితే అంతకన్నా మేలు, అయితే నెమ్మదిగా తగ్గాలి. ఒక్కసారిగా ఉపవాసాలు మొదలుపెడితే యూరిక్ యాసిడ్ పెరుగుతుంది.

నీళ్ళ విషయం మన దగ్గర ప్రత్యేకం. మార్చి నుండి జూన్ దాకా కడప, కర్నూలు ఎండల్లో చెమట రూపంలో పోయే నీటిని భర్తీ చేయకపోతే మూత్రం చిక్కబడి, ఆమ్లగుణం పెరిగి, యూరిక్ యాసిడ్ రాళ్ళు కట్టే వీలు ఎక్కువవుతుంది, క్రియాటినిన్ కూడా తాత్కాలికంగా పెరుగుతుంది. మీ నాన్నగారికి కాళ్ళవాపు గానీ, గుండె వైఫల్యం గానీ లేకపోతే మూత్రం లేత పసుపులో ఉండేలా నీళ్ళు తాగనివ్వండి. మజ్జిగ మంచిదే, ఉప్పు మాత్రం వేయకండి. ఊరగాయ సంగతి రక్తపోటు రోగికి నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ 1.5. యాభై ఎనిమిదేళ్ళ మగవారికి ఈ క్రియాటినిన్‌తో లెక్కగడితే వడపోత శక్తి సుమారు 54 వస్తుంది. మూడు నెలల తరువాత కూడా 60 లోపే ఉంటే మూత్రపిండాల జబ్బు మూడవ దశ మొదట్లో ఉన్నట్లు. ఆయనకు ఇప్పుడు కావలసిన పరీక్ష యూరిక్ యాసిడ్ కాదు, ఉదయం మొదటి మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీనుకూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి. అది 30 దాటితే షుగరు, బీపీ మూత్రపిండాలను తాకినట్లే. ఈ పరీక్ష 'ఫుల్ బాడీ' ప్యాకేజీలో చాలాసార్లు ఉండదు. యూరిక్ యాసిడ్ మాత్రం తప్పక ఉంటుంది!

మూత్రపిండాలను, గుండెను నిజంగా కాపాడతాయని రుజువైన మందులున్నాయి. రక్తపోటుకు టెల్మిసార్టాన్ వంటివి, షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి, కొలెస్టరాల్‌కు స్టాటిన్లు. వీటిలో డాపాగ్లిఫ్లోజిన్ జాతి మందులు పనిలో పనిగా యూరిక్ యాసిడ్‌ను కూడా కొంత దించుతాయి. రక్తపోటు మాత్రలలో లోసార్టాన్‌కు కూడా ఆ గుణముంది. కాబట్టి మీ వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఫెబుక్సోస్టాట్ రాయమని అడగకండి. మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంటే దానికి బదులు ఆమ్లోడిపిన్ వంటిది సరిపోతుందా అని, షుగరు మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్ చేర్చవచ్చా అని అడగండి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. హైడ్రోక్లోరోథయాజైడ్ మానేసి రక్తపోటు 170కి పోతే మూత్రపిండానికి జరిగే నష్టం ముందు 8.4 లెక్కలోకి రాదు.

మళ్ళీ పరీక్ష మూడు నెలల తరువాత చేయించండి. ముందురోజు మాంసం వద్దు, వేటకూర తిన్న మరునాడు క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా చూపిస్తుంది. ముందు వారమంతా నొప్పి బిళ్ళలు వద్దు. ఆ ఉదయం నీళ్ళు తాగే వెళ్ళాలి, ఉపవాసమంటే నీళ్ళు మానడం కాదని ల్యాబు వాళ్ళు చెప్పకపోయినా సరే. వీలైతే అదే ల్యాబులో చేయించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి క్రియాటినిన్ వరుసను ముందు చదవండి. ఈలోపు ఇంట్లో పప్పు వండించండి.